ఆపదకు ముందే మనుషులు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారిలో సూర్యాపేట దాటాక, కోదాడ ఇంకా రాకముందు మునగాల తగులుతుంది. ఇవాళ అదొక మండల కేంద్రం. 1948కి ముందు ఆ ఊళ్లో అడుగు పెడితే రాజ్యం మారిపోయినట్టే. చుట్టూ నిజాం ఏలుబడి. నడుమ మునగాల పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది, నందిగామ తాలూకాది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. పరగణాలో అంత కట్టడి లేదు. అలాగని అక్కడి రైతులు సుఖంగా ఉన్నారని కాదు; 1930లలో వాళ్లు తమ జమీందారు మీదే పోరాటానికి దిగారు.

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల నూట ఇరవై ఏళ్లలో రాని ఆపద లేదు. కరువు వచ్చింది, కలరా వచ్చింది, రజాకార్లు వచ్చారు, ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలు వంచాయి, కరోనా వచ్చింది, వరద వచ్చింది. ప్రతిసారీ సాయం ఎంత వచ్చిందన్న లెక్క ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఇన్ని బస్తాలు, ఇన్ని దుప్పట్లు, ఇన్ని లక్షలు. ఆ సాయాన్ని గడప దాకా మోసిన మనిషి ఎవరు, ఆ పని ఆ మనిషికి ఎవరు నేర్పారు, ఆపద తీరాక ఆ మనిషి ఏమయ్యాడు అన్న లెక్క మాత్రం దొరకదు. దొరికిన చోటల్లా ఒక సంగతి తేటపడుతుంది. ఈ నేల మీద సాయం నిలిచింది, ముందుగానే స్థానికుల్ని తయారు చేసుకున్న చోటే.

మునగాల రాజా నాయని వెంకట రంగారావు కోట నడిగూడెంలో ఉండేది. కోదాడకు దగ్గరి ఊరు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసినప్పుడు ఈ ఇద్దరూ, రావిచెట్టు రంగారావూ దాని వెనక నిలిచారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. చరిత్రతో పాటు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల మీద తెలుగులో పుస్తకాలు వేయడం ఆ మండలి పని. జీవశాస్త్రం రాసింది వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి. వీటిని సాహిత్య చరిత్రలో భాగంగా చెప్పుకోవడం అలవాటైపోయింది. కానీ రోగం ఎందుకు వస్తుందో తన భాషలో చదివి తెలుసుకున్న యువకుడు లేకుండా పల్లెలో ఏ ఆరోగ్య కార్యకర్తా తయారు కాడు. సేవకు కావలసిన మొదటి పనిముట్టును ఆ మండలి తెలుగువాళ్ల చేతికిచ్చింది.

లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ. తండ్రి పోయాక ఈ అక్కాతమ్ముళ్ల బాల్యం కొంతకాలం నల్లగొండ జిల్లా దేవరకొండలో గడిచింది. ఆమెను తొలి తెలుగు కథా రచయిత్రిగా చదువుకుంటున్నాం. ఆమె ఇంట్లో అనాథ పిల్లలు పెరిగేవారన్నది, 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టడంలో ఆమె ముందున్నదన్నది అంతగా గుర్తు చేసుకోం. 1905లో, ముప్పయ్యేళ్ల వయసులో, ప్లేగు రోగులకు సపర్యలు చేస్తూ ఆమె కన్నుమూసింది. అంటువ్యాధి దగ్గరికి వెళ్లేవాళ్లకు రక్షణ ఏమిటో నేర్పే ఏర్పాటు అప్పటికి లేదు. సేవ చేసేవాళ్ల ప్రాణం కూడా కాపాడవలసినదే అన్న ఆలోచన సంస్థలకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి మన సాహిత్యం చెల్లించిన మూల్యం భండారు అచ్చమాంబ.

అదే కాలంలో సూర్యాపేటకు ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. రష్యా దక్షిణాన స్థిరపడిన జర్మన్ భాషీయులైన మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు 1889లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతుల్ని తెలుగు దేశానికి పంపాయి. వాళ్లు అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో మిషన్ పెట్టారు. ఆ శతాబ్దం ముగుస్తుండగా అబ్రహాం హ్యూబర్ట్ వచ్చి సూర్యాపేట కేంద్రాన్ని చేపట్టారు. బడులు, మందులు, కరువులో గింజలు అన్నీ మతబోధతో పాటే నడిచేవి. డబ్బు రష్యా పల్లెల నుంచి వచ్చేది. 1914లో ప్రపంచ యుద్ధం మొదలైంది, ఆ దారి మూసుకుపోయింది. తర్వాత విప్లవం వచ్చి ఆ సంఘాలే చెల్లాచెదురయ్యాయి. బాధ్యత అమెరికన్ బాప్టిస్టుల మీద పడింది. అయినా పల్లెల్లో పని ఆగలేదంటే ఒకటే కారణం. రామాయపట్నం సెమినరీలో 1870ల నుంచీ తెలుగు బోధకులు, ఉపాధ్యాయులు తయారవుతున్నారు. దొరల జీతం ఏ దేశం నుంచి వస్తుందన్నదానితో సంబంధం లేకుండా వాళ్లు ఊళ్లలోనే ఉన్నారు. మతం సంగతి ఎవరి అభిప్రాయం వారిది. మనుషుల్ని సిద్ధం చేసుకునే విషయంలో మాత్రం ఆ మిషన్ ముందుచూపు మెచ్చదగింది.

అసలు ఈ ముందుచూపు ఆధునిక మానవతా సేవకు పునాది. 1859 జూన్‌లో ఇటలీలోని సొల్ఫెరీనో యుద్ధం తర్వాత వేలమంది క్షతగాత్రుల మధ్య చిక్కుకున్న స్విస్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్, పక్క ఊరు కాస్తిల్యోనె ఆడవాళ్లతో కలిసి చేతనైన సేవ చేశాడు. చేతులు చాలానే ఉన్నాయి, పని తెలిసిన చేతులు లేవు. 1862లో అచ్చయిన ఆయన పుస్తకంలో అడిగినది డబ్బు కాదు: శాంతికాలంలోనే ప్రతి దేశంలో సంఘాలు ఏర్పడి, సేవకుల్ని ఎంచి, తర్ఫీదు ఇచ్చి ఉంచాలన్నాడు. మరుసటి ఏడాది రెడ్‌క్రాస్ పుట్టింది.

సూర్యాపేట తాలూకాలో ఆ తర్ఫీదు మరో రూపంలో జరిగింది. 1944 భువనగిరి సభ తర్వాత ఆంధ్ర మహాసభ ఊరూరా సంఘమైంది. వెట్టి మానాలని, అప్పుపత్రాలు చింపాలని చెప్పడం మొదటి పని. ఆ వెనకే రాత్రిబడులు, పంచాయతీలు, ధాన్యం పంపకాలు వచ్చాయి. కరివిరాల కొత్తగూడెం దొర కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పదకొండేళ్ల వయసులో మహాసభ పిలుపు విని పనివాళ్లకు ధాన్యం పంచింది. ఆమె అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి సాయుధ దళాలకు నాయకుడయ్యాడు. ఒక్కొక్క పని చేస్తూ ఒక్కొక్కటి నేర్చుకుని ఆ తరం నాయకత్వానికి ఎదిగింది. ఎవరూ వాళ్లకు పాఠ్యప్రణాళిక రాయలేదు గానీ, పని పెరిగిన కొద్దీ మనిషి పెరిగే ఏర్పాటు సంఘంలోనే ఉంది.

అదే తెలంగాణ సాయుధ పోరాటమై ముదిరాక గాయాలు, జ్వరాలు, కాన్పులు. దళం వెంట డాక్టరు ఎక్కడి నుంచి వస్తాడు? ఇక్కడ మళ్లీ మునగాల దివాను ఇల్లు కథలోకి వస్తుంది. లక్ష్మణరావు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నారు. ఆ కొమర్రాజు అచ్చమాంబ డాక్టరై బెజవాడలో ఆస్పత్రి నడిపింది. ప్రసూతి, శిశు పోషణ మీద తెలుగులో పుస్తకం రాసింది. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమంతో నడిచింది. తర్వాత ఆ పార్టీని విడిచి, 1957లో కాంగ్రెస్ తరఫున విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లింది. ఉద్యమంలోని ఆడవాళ్లు కట్టు కట్టడం, సూదిమందు వేయడం, పురుడు పోయడం నేర్చుకున్నది ఆమె వంటివాళ్ల దగ్గరే. అలాంటి ఆడవాళ్ల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’లో అచ్చు వేసింది. చదువు అంతంత మాత్రమే ఉన్న యువతులు అడవిలో రోగుల్ని చూసుకున్న తీరు అందులో ఉంది. వాళ్లలో చాలామందికి పోరాటం ముగిశాక చెప్పుకోవడానికి సర్టిఫికెట్ లేదు, చేసుకోవడానికి ఉద్యోగం లేదు. ఇంత నేర్చిన మనుషుల్ని ఇంటికి పంపేసి, కొత్త రాష్ట్రం మళ్లీ మొదటి నుంచి ఆరోగ్య సిబ్బంది కోసం వెతుక్కుంది. ఈ ప్రాంత చరిత్రలో ఇంతకన్నా బాధ కలిగించే వృథా మరొకటి కనపడదు.

ఆ ఉద్యమపు వైద్యశిక్షణలో ఒక పాయ మాత్రం ఎండిపోలేదు. పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. తక్కువ ఖర్చుతో వైద్యం ఒక పని అయితే, పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు వైద్యసహాయం నేర్పి తిరిగి పల్లెకే పంపడం రెండో పని. ఊళ్లో జ్వరం వస్తే ముందు పిలిచే ఆర్ఎంపీకి, ఎప్పుడు పట్నం పంపాలో తెలిసి ఉండటం ఎంత పెద్ద విషయమో పల్లెలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కూడా 2008–09 ప్రాంతంలో ఆర్ఎంపీలకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించే పని తలపెట్టింది. అది మధ్యలోనే ఆగింది.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలిచ్చారు, భూదానం మొదలైంది. వినోబా భావే తన తెలంగాణ పాదయాత్రలో 51 రోజుల్లో 12,201 ఎకరాలు దానంగా పొందారు. నల్లగొండ జిల్లా మీదుగా సాగిన ఆ పాదయాత్రలో కలిసి నడిచిన తొలి మహిళ సంగం లక్ష్మీబాయి. దానం వేగంగా వచ్చింది. భూమి కొలిచి, పట్టా రాయించి, ఎద్దో విత్తనమో ఇప్పించి, పేదవాడు దున్నుకునే దాకా పక్కన నిలబడే కార్యకర్తలు అంత వేగంగా రాలేదు. దానపత్రాల్లో ఉన్న భూమిలో చాలా భాగం ఏళ్లు గడిచినా పేదల చేతికి చేరలేదు. గొప్ప ఉద్యమానికి కూడా సిబ్బంది లెక్క తప్పితే ఏమవుతుందో ఈ జిల్లా దగ్గరుండి చూసింది.

ఆ లెక్కను దేశంలో అందరికన్నా సూటిగా వేసినది ఒక తెలుగు మహిళే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. పల్లెల్లో శిశు సంక్షేమ కేంద్రాలు పెట్టాలంటే గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, మంత్రసానులు కావాలి, పంతులమ్మలు కావాలి. ఆ కొలువులకు తగ్గట్టు మెట్రిక్ చదివిన ఆడవాళ్లు పల్లెల్లో లేరు. పట్నం నుంచి పంపితే వాళ్లు నిలవరు. మరి దారేది? పెళ్లయిన, భర్త పోయిన, చిన్నప్పుడే బడి మానేసిన పల్లె స్త్రీలను తెచ్చి రెండేళ్లలో మెట్రిక్ దాకా చదివించడమే. 1958లో మొదలైన ఆ కుదింపు కోర్సుల అసలు ఉద్దేశం అదే. ఎక్కడ మనుషులు కరవో అక్కడి నుంచే మనుషుల్ని తయారు చేయడం. పరాధీనంగా బతుకుతున్న స్త్రీకి జీతం, ఊరికి నర్సు రెండూ ఒకే బడిలోంచి వచ్చాయి. సిబ్బంది ప్రణాళిక అని ఇవాళ పెద్ద సంస్థలు చెప్పే దానికి ఇంతకన్నా మంచి నమూనా అరుదు. ఆమె 1930లలో మద్రాసులో ఆడపిల్లలకు మెట్రిక్ పాఠాలు చెప్పించిన అనుభవమే ఆంధ్ర మహిళా సభగానూ, ఈ పథకంగానూ విస్తరించింది.

తర్వాతి ప్రభుత్వ పథకాల్లో అంత లోతు కనిపించదు. 1977 అక్టోబర్ 2న కేంద్రం వెయ్యి జనాభాకు ఒక ఆరోగ్య కార్యకర్త పథకం తెచ్చింది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఎంపికైన వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. చూడవలసింది తల్లుల్నీ పిల్లల్నీ. పేరు మార్చుకుంటూ కొన్నేళ్లు నడిచి ఆ పథకం సన్నగిల్లింది. అది మొదలైన ఏడు వారాలకే, నవంబర్ 19న, దివిసీమను ఉప్పెన ముంచింది. దేశవిదేశాల సంస్థలు పరుగెత్తుకొచ్చాయి. కోస్తా జిల్లాల్లో ఎన్నో స్వచ్ఛంద సంస్థలకు అదే పుట్టుక. శవాలు తీయడం, ఇళ్లు కట్టడం, లెక్కలు రాయడం అన్నీ ఆపద మధ్యలోనే నేర్చుకున్న తరం అది. ఆ తరం తర్వాత తెలుగు నేల మీద తుపాను సహాయానికి వెన్నెముక అయింది.

నల్లగొండ పేరుతో ప్రపంచానికి వెళ్లిన ఒక విధానం కూడా ఈ కథలో భాగమే. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తయారు చేసిన పద్ధతి నల్లగొండ టెక్నిక్. టాంజానియా, కెన్యాల దాకా వెళ్లింది. పటిక ఖరీదైనది కాదు, యంత్రం కష్టమైనది కాదు. కష్టమల్లా రోజూ నీటిని చూసి, సరైన మోతాదు కలిపి, కలియబెట్టి, తేరిన మడ్డిని దూరంగా పారబోసే మనిషి. ఆ మనిషికి శిక్షణ, జీతం ఏర్పాటు చేయని చోట ట్యాంకులు పడావు పడ్డాయి. జిల్లాకు కడకు ఉపశమనం దూరం నుంచి తెచ్చిన నది నీళ్లతో దొరికింది.

2005లో రెండు మార్పులు వచ్చాయి. ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది. ఈసారి తప్పనిసరిగా మహిళ, ఆ ఊరి మహిళ. ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ మొదలైంది. 108లో వాహనం కన్నా గొప్పది దాని లోపల కూర్చున్న టెక్నీషియన్. డిగ్రీ చదివిన పల్లె యువతకు ఊపిరి నిలపడం, రక్తం ఆపడం నేర్పి బండెక్కించారు. రెండేళ్లకు అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి పారామెడిక్ కోర్సు కూడా పెట్టారు. సూర్యాపేట, కోదాడ రహదారి ప్రమాదాల సంగతి తెలిసినవాళ్లకు ఆ చదువు విలువ వేరే చెప్పాలా?

ఆశా విలువ 2020 ఏప్రిల్‌లో బయటపడింది. మార్కెట్ ప్రాంతం నుంచి పాకిన కరోనాతో సూర్యాపేట జిల్లాలో కేసులు 80 దాటాయి. హైదరాబాద్ బయట తెలంగాణలో అందరినీ భయపెట్టిన పేరు అదే. వీధులు మూసేశాక ఇంటింటికీ వెళ్లి జ్వరం అడిగింది ఆశాలు, ఏఎన్ఎంలు. ఎవరింట్లో గర్భిణి ఉందో, ఎవరికి షుగర్ ఉందో వాళ్లకు ముందే తెలుసు. పదిహేనేళ్లుగా ఆ గడపలు ఎక్కినవాళ్లు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ గౌరవ పురస్కారం ప్రకటించింది. ప్రభుత్వం మాత్రం వాళ్లను ఇప్పటికీ ఉద్యోగులుగా కాక, ప్రోత్సాహకాల మీద పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కిస్తోంది. ఇది అన్యాయం. అనుభవజ్ఞుల్ని పోగొట్టుకునే దారి కూడా.

కరోనా వచ్చిన ఆ 2020లోనే, మే నెలలో, బిహార్‌లోని ఖగారియా నుంచి లింగంపల్లికి ఒక ప్రత్యేక రైలు వచ్చింది. అందులో రెండు వందల పైచిలుకు కూలీలు, బియ్యం మిల్లుల హమాలీలు. వాళ్లను పంపిన చోట్లలో మిర్యాలగూడ ఒకటి. సాగర్ ఎడమ కాలువ తెచ్చిన వరి, ఆ వరి తెచ్చిన మిల్లులు ఆ ఊరికి జీవనాధారం. యాసంగి ధాన్యం కుప్పలు పడితే ఎన్ని భుజాలు కావాలో మిల్లర్లకు, అధికారులకు తెలుసు కాబట్టే లాక్‌డౌన్‌లోనూ రైలు కదిలింది. ధాన్యం ఎత్తడానికి వేసిన లెక్క, ప్రాణాలు ఎత్తడానికి వేయడం అసాధ్యమేమీ కాదు.

అది వేయలేదని 2024లో తేలింది. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు కోదాడ వీధులు ఏరులయ్యాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువ తెగి పొలాలు, ఇళ్లు మునిగాయి. విజయవాడ రహదారి నిలిచిపోయింది. పక్కనే ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి తీసుకొచ్చాడు. ఆ సాహసానికి నమస్కరించాలి. కానీ వరదలో మనుషుల్ని తేవడం శిక్షణ ఉన్న బృందం పని. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆధారమైన జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) పదో బెటాలియన్ ఉన్నది విజయవాడ దగ్గర. రోడ్డే మునిగితే వాళ్లు రావడానికి పట్టే గంటల్లో ఊరు తన మనుషుల్నే నమ్ముకోవాలి.

ఆ డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం సొంత రాష్ట్ర విపత్తు స్పందన దళాన్ని (ఎస్డీఆర్ఎఫ్) ప్రారంభించింది. మంచి పని. అయితే అది కూడా జిల్లా బయటి నుంచే రావాలి. గ్రామంలో మిగిలే మనుషుల కోసం 2016లో కేంద్రం తెచ్చిన ఆపదమిత్ర పథకం ఉంది: 25 రాష్ట్రాల్లో వరద ముప్పున్న 30 జిల్లాలు, జిల్లాకు 200 మంది వాలంటీర్లు, పన్నెండు రోజుల శిక్షణ. ఆ తర్వాత దాన్ని విస్తరించారు. పన్నెండు రోజుల్లో నేర్చినది, ఏటా మళ్లీ చేయించకపోతే చేతికి గుర్తుండదు. ప్రపంచంలోని పెద్ద దాతలు, సంస్థలు కూడా 2016లో ఇస్తాంబుల్‌లో కూర్చుని, సహాయ నిధుల్లో 25 శాతం స్థానిక సంస్థలకు చేరవేస్తామని మాట ఇచ్చాయి. 2020 గడువు దాటినా ఆ మాట నెరవేరలేదు.

ఈ మూడు పట్టణాల్లో ఇప్పుడు మనుషులకు కొదవ లేదు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ప్రతి ఊళ్లో ఆశా, అంగన్‌వాడీ టీచర్, ఆర్ఎంపీ, ఈత వచ్చిన నలుగురు కుర్రాళ్లు, ట్రాక్టరు, జేసీబీ నడిపే వాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు మండల కార్యాలయంలో ఒక పట్టికగా ఉండాలి. వానాకాలానికి ముందు ఏటా మూడు రోజులు వాళ్లకు సాధన చేయించాలి, ఆ రోజుల కూలి చెల్లించాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క వరద తర్వాత పంచే సరుకుల ఖర్చులో చిన్న భాగం. వరద వచ్చినప్పుడు సంస్థలకు విరాళాలు పంపే తెలుగువాళ్లు, ఇక్కడి వాళ్లూ అమెరికా, గల్ఫ్‌లలో ఉన్నవాళ్లూ, చెక్కు రాసే ముందు ఆ సంస్థను ఒక మాట అడగండి: నిరుడు ఆ మండలంలో ఎంతమందికి పని నేర్పారు, వాళ్లలో ఈ ఏడాది ఎంతమంది మీతో ఉన్నారు?